అలర్జీ మాత్ర, స్టెరాయిడ్ సూది, కార్టిసాల్: దేనిని ఎప్పుడు ఎంచుకోవాలి

రోజూ ఒక సెటిరిజిన్ మాత్ర వేసుకునేవారు ఏదో ఒకనాడు మందుల షాపులోనో డాక్టరు దగ్గరో ఈ మాట అడుగుతారు: ఇన్నేళ్ళుగా వేసుకుంటున్నాను కదా, హార్మోన్లు దెబ్బతినవా? వారే ఏడాదికి నాలుగైదుసార్లు దద్దుర్లు లేచినప్పుడు ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గర "ఏవిల్, డెక్సోనా" సూది వేయించుకుని, గంటలో ఉపశమనం దొరికిందని సంతోషించి, ఆ సూది గురించి మాత్రం ఏ ప్రశ్నా వేయరు. ఆ రెండు మందుల్లో ఏవిల్, అలర్జీలో దురద, దద్దుర్లు తెచ్చే హిస్టమిన్‌ను అడ్డుకునేది. డెక్సోనా, అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, మన శరీరం తన ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను తయారుచేసుకునే పనినే ఆపించేది. భయం ఒక మందు మీద, అసలు ప్రభావం మరో మందులో ఉండడం అలర్జీ చికిత్స విషయంలో మన దగ్గర చాలా మామూలు సంగతి. అందుచేత ఈ పోలికను మాత్రల మధ్యనే ఆపకుండా, మాత్రతో పాటు మనకు తెలియకుండా ఒంట్లోకి వెళ్ళే మందులను కూడా కలుపుకుని చెయ్యవలసి ఉంది.

హిస్టమిన్‌కూ ఒత్తిడి హార్మోనుకూ ఉన్న సంబంధం

హిస్టమిన్ అనగానే మనకు గుర్తుకొచ్చేది దురద, తుమ్ములు, దద్దుర్లు. 1910లో బ్రిటన్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లైడ్లా దాని పనులను వివరించినప్పుడు కూడా రక్తనాళాల మీద, శ్వాసనాళాల, గర్భాశయపు కండరాల మీద అది చూపే ప్రభావమే ప్రధానంగా కనిపించింది. మెదడులో అది నాడీ సంకేతంగా పనిచేస్తుందన్న సంగతి స్థిరపడడానికి మరో డెబ్బై ఏళ్ళు పైగా పట్టింది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ వెనుక భాగంలో ట్యూబరోమామిల్లరీ కేంద్రకం అనే చిన్న చోట మాత్రమే హిస్టమిన్ తయారుచేసే నాడీకణాలు ఉన్నాయని 1984లో తేలింది. మనిషిలో ఆ కణాలు సుమారు 64 వేలే అయినా వాటి తంతువులు మెదడంతా పరుచుకుని ఉంటాయి. మెలకువగా ఉన్నంతసేపూ అవి పనిచేస్తాయి, నిద్రలో దాదాపు మౌనంగా ఉంటాయి. పాతకాలపు జలుబు మాత్ర వేసుకుంటే కళ్ళు మూతలు పడడానికి కారణం ఇదే.

ఒత్తిడి హార్మోనుల గొలుసు మొదలయ్యేది కూడా ఆ హైపోథాలమస్‌లోనే. అక్కడి పారావెంట్రిక్యులర్ కేంద్రకం నుంచి సి.ఆర్.హెచ్., వాసోప్రెసిన్ అనే రెండు సంకేతాలు పీయూష గ్రంథికి చేరతాయి; పీయూష గ్రంథి ఎ.సి.టి.హెచ్.ను విడుదల చేస్తుంది. అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చేరి, వాటి పై పొర చేత కార్టిసాల్‌ను తయారుచేయిస్తుంది. హిస్టమిన్ తంతువులు ఈ గొలుసు మొదటి కొసనే తాకుతాయి. ఎలుకల మెదడు కుహరంలోకి హిస్టమిన్ ఎక్కిస్తే ఎ.సి.టి.హెచ్. పెరుగుతుందనీ, కణాల మీద హిస్టమిన్ సంకేతాన్ని అందుకునే హెచ్1, హెచ్2 అనే రెండు రకాల గ్రాహకాలూ అందులో పాలుపంచుకుంటాయనీ, ఎలుకను కదలకుండా బంధించడం వంటి ఒత్తిడిలో వచ్చే హార్మోను పెరుగుదలను ఆ గ్రాహకాలను అడ్డుకునే మందులు కొంతమేరకు తగ్గిస్తాయనీ 1980లు, 1990లలో కోపెన్‌హాగెన్‌లో ఉల్రిక్ క్నిగ్గె, యోర్గెన్ వార్‌బెర్గ్ బృందం చేసిన పరిశోధనలు చూపాయి. హిస్టమిన్ ప్రధానంగా పీయూష గ్రంథిని నేరుగా కాక, దాని పైనున్న హైపోథాలమస్‌ను కదిలిస్తుందన్నది ఆ పరిశోధనల నుంచి వచ్చిన ముఖ్యమైన అవగాహన.

రెండో దారి మెదడుకు బయట ఉంది. అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలో అడ్రినలిన్‌ను నిల్వచేసే కణాల మీద హెచ్1 గ్రాహకాలు ఉంటాయి. రక్తంలో హిస్టమిన్ హఠాత్తుగా పెరిగితే ఆ కణాలు అడ్రినలిన్‌ను వదులుతాయి, దానికి తోడు రక్తపోటు పడిపోవడం కూడా శరీరానికి పెద్ద ఒత్తిడే కాబట్టి కార్టిసాల్ గొలుసు కూడా కదులుతుంది. ఈ సంగతి ఒకప్పుడు వైద్యులకు ఎంత బాగా తెలుసంటే, అడ్రినలిన్‌ను అతిగా తయారుచేసే ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఉందో లేదో తేల్చడానికి 1945 నుంచి కొంతకాలం రోగికి సిరలో కొద్దిపాటి హిస్టమిన్ ఎక్కించి రక్తపోటు ఎగబాకుతుందేమో చూసేవారు. కణితి ఉన్నవారికి ఆ పరీక్షే ప్రాణాంతకం కావచ్చు కాబట్టి తర్వాత దాన్ని వదిలేశారు.

ఎదురు ప్రవాహం కూడా ఉంది. కార్టిసాల్ అలర్జీ వాపును అణచుతుంది, అడ్రినలిన్ హిస్టమిన్ చేసిన పనికి విరుగుడుగా పనిచేస్తుంది. అయితే చర్మంలో విడుదలయ్యే సి.ఆర్.హెచ్. మాత్రం హిస్టమిన్‌ను దాచుకున్న మాస్ట్ కణాలను రెచ్చగొడుతుంది. పరీక్షల ముందు రోజుల్లో పిల్లలకు దద్దుర్లు ఎక్కువ కావడాన్ని "వేడి చేసింది" అని సరిపెట్టుకుంటాం గాని, అందులో ఒత్తిడికి కూడా భాగం ఉంటుంది.

ప్రయోగశాల నుంచి మందుల షాపు దాకా

ఇంతవరకూ చదివినవారికి "అయితే హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్ర వేసుకుంటే కార్టిసాల్ తగ్గుతుందన్నమాట" అనిపించడం సహజం. ఈ అడుగు వేసే ముందు మూడు తేడాలు గమనించాలి. ఎలుకల్లో మందును చాలాసార్లు నేరుగా మెదడులోకి ఇచ్చారు. మనం మింగే మాత్రలో మెదడుకు చేరే భాగం కొన్ని మందుల్లో చాలా తక్కువ, కొన్నింటిలో దాదాపు శూన్యం. ఆ గొలుసును కదిలించే సంకేతం హిస్టమిన్ ఒక్కటే కాదు; నోరడ్రినలిన్, సెరటోనిన్ వంటివి కూడా అదే కేంద్రకాన్ని తాకుతాయి కనుక ఒక దారి మూసినా మిగిలినవి తెరిచే ఉంటాయి. మూడోది, మనుషుల మీద జరిగిన అధ్యయనాలు కొద్దిపాటివి, చిన్నవి; మెదడులోకి బాగా వెళ్ళే పాత మందులతో ఎ.సి.టి.హెచ్. స్పందన కొంత మందగించిన సందర్భాలు వాటిలో ఉన్నా, రోజువారీ మోతాదులో అలర్జీ మాత్ర వేసుకున్నవారికి కార్టిసాల్ లోపం వచ్చేంత మార్పు సాధారణంగా కనబడదు. అంటే కార్టిసాల్ పెరుగుతుందేమోనని గాని, తగ్గుతుందేమోనని గాని అలర్జీ మాత్రను ఎంచుకోవడంలో అర్థం లేదు. ఎంచుకోవలసింది అది మెదడులోకి వెళ్తుందా లేదా, రాత్రి నిద్రను ఏం చేస్తుంది అన్న రెండు ప్రశ్నలను బట్టి.

పాత తరం, కొత్త తరం

డేనియల్ బోవే 1937లో మొదటి హిస్టమిన్ నిరోధకాన్ని గుర్తించారు. ఆయన పరిశోధనలకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలో వచ్చిన క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ (మన ఏవిల్), డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్ (ఫెనర్‌గాన్), హైడ్రాక్సిజిన్ (అటారాక్స్) పాత తరం మందులు. ఇవి కొవ్వులో తేలికగా కరిగే చిన్న అణువులు కాబట్టి మెదడు రక్తనాళాల గోడను దాటిపోతాయి. సెటిరిజిన్, లీవోసెటిరిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ (అల్లెగ్రా), బిలాస్టిన్ కొత్త తరానికి చెందినవి; ఆ గోడ దగ్గర కాపలా ఉండే పి-గ్లైకోప్రోటీన్ అనే రవాణా ప్రోటీన్ వీటిలో చాలావాటిని వచ్చినదారినే వెనక్కి తోసేస్తుంది.

ఈ తేడాను జపాన్‌లోని సెండాయ్‌లో, తోహోకు విశ్వవిద్యాలయంలో కజుహికో యనాయ్ బృందం, మందు మెదడులో ఎంత చేరిందో చూపే పెట్ స్కాన్‌తో కొలిచింది. మెదడులోని హెచ్1 గ్రాహకాల్లో సగానికి పైగా ఆక్రమించే మందును మత్తు కలిగించేదిగా, 20 శాతం లోపు ఆక్రమించేదాన్ని మత్తు లేనిదిగా లెక్కవేసే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. ఈ కొలతలో ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ దాదాపు సున్నా దగ్గర నిలుస్తాయి. సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు సుమారు 12 శాతం, అదే 20 మిల్లీగ్రాములైతే సుమారు 25 శాతం ఆక్రమిస్తుంది. అందువల్ల "ఒకటితో తగ్గలేదు, రెండు వేసుకున్నాను" అనేవారు తమకు తెలియకుండానే మత్తులేని గీతను దాటిపోతున్నారు. దీర్ఘకాలపు దద్దుర్లకు కొత్త తరం మాత్రను నాలుగింతల వరకు పెంచే పద్ధతి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్నదే, కానీ అది డాక్టరు చూసి చేయవలసిన పని. ఆ పెంపు ఫెక్సోఫెనడిన్‌తో జరిగితే ఒక రకంగా, సెటిరిజిన్‌తో జరిగితే ఇంకో రకంగా మెదడుకు తెలుస్తుంది.

రాత్రి దురదతో నిద్రపట్టనివారికి పాత మాత్రే మేలని చాలామంది నమ్మకం. మొదటి రెండు రాత్రులకు అది నిజమే కావచ్చు. డైఫెన్‌హైడ్రమిన్ వంటి మందుల మత్తుకు మూడు నాలుగు రోజుల్లోనే శరీరం అలవాటుపడిపోతుంది. క్లోర్‌ఫెనిరమిన్ సగం మేర ఖాళీ కావడానికి పెద్దవారిలో సుమారు 20 గంటలు పడుతుంది కనుక పొద్దున లేచాక కూడా తల దిమ్ముగానే ఉంటుంది, కలలు వచ్చే నిద్ర దశ తగ్గుతుంది. ఇక్కడే ఒత్తిడి హార్మోనుతో అసలైన సంబంధం కనిపిస్తుంది. 1997లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎవా వాన్ కౌటర్ బృందం ఒక రాత్రి నిద్ర తగ్గినవారిలో మర్నాటి సాయంత్రపు కార్టిసాల్ 37 శాతం, రాత్రంతా మేల్కొన్నవారిలో 45 శాతం ఎక్కువగా ఉండడం చూపింది. ముక్కు దిబ్బడతో, దురదతో నిద్ర చెడిపోయే మనిషికి సరైన అలర్జీ చికిత్స కార్టిసాల్ లయకు మేలు చేస్తుందంటే, అది మెదడులో గ్రాహకాలను మూసినందువల్ల కాదు, మంచి నిద్ర ఇచ్చినందువల్ల. ఆ మేలును మత్తు మాత్ర ఇవ్వదు. మధ్యాహ్నం దాకా కునుకుపాట్లు పడేవాడు సాయంత్రం మూడు కప్పుల కాఫీ తాగి రాత్రి మళ్ళీ నిద్రను పోగొట్టుకుంటాడు.

కొత్త తరంలోనే ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే, బస్సు, లారీ నడిపేవారికి, రాత్రి డ్యూటీలవారికి, చదువుకునే పిల్లలకు ఫెక్సోఫెనడిన్ లేదా బిలాస్టిన్ నాకు ముందు గుర్తుకొస్తాయి. ఫెక్సోఫెనడిన్‌ను బత్తాయి, నారింజ, యాపిల్ రసాలతో మింగకూడదు, అవి దాన్ని పేగుల్లోంచి రక్తంలోకి చేరనివ్వవు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న జెలూసిల్ వంటి గ్యాస్ మందులను కూడా అదే సమయంలో తీసుకోకూడదు. సెటిరిజిన్ గంటలోపే పనిచేయడం మొదలుపెడుతుంది, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. దద్దుర్లకు రాత్రిపూట వేసుకునేవారికి అది చాలు. కిడ్నీ పనితీరు తగ్గినవారు సెటిరిజిన్, లీవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ మోతాదులను తగ్గించుకోవాలి. ప్రొస్టేట్ వాపు, నీటికాసుల జబ్బు (గ్లకోమా) ఉన్న పెద్దలకు పాత తరం మందులు మూత్రం బిగిసేలా, కంట్లో ఒత్తిడి పెరిగేలా చేస్తాయి. అరవై ఐదు దాటినవారు వాటికి దూరంగా ఉండడమే మంచిది. గర్భిణులకు సెటిరిజిన్, లోరటడిన్ చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి, అయినా అది డాక్టరుతో తేల్చుకోవలసిన విషయం.

పేరుకు అలర్జీ మందులే, పని వేరు

కొన్ని మందులను ఈ వరసలో కలిపి చూడడం పొరపాటు. వాటిలో మొదటిది సైప్రోహెప్టడిన్. మన దగ్గర అది అలర్జీ మందుగా కంటే ఆకలి పెంచే మందుగానే ఎక్కువమందికి తెలుసు. పిల్లవాడు అన్నం తినడం లేదని తల్లులు సిరప్ అడిగి మరీ తీసుకువెళ్తారు. ఇది హిస్టమిన్‌ను, సెరటోనిన్‌ను రెండింటినీ అడ్డుకుంటుంది. పీయూష గ్రంథి ఎ.సి.టి.హెచ్.ను అతిగా వదలడం వల్ల కార్టిసాల్ పొంగిపోయే కుషింగ్స్ వ్యాధిలో ఈ మందు ఇస్తే కొందరిలో ఆ పొంగు తగ్గిందని 1975లో న్యూయార్క్ వైద్యురాలు డొరోతీ క్రీగర్, ఆమె సహచరులు ప్రకటించారు. తర్వాతి అనుభవంలో అది అందరికీ పనిచేయకపోవడం, మానగానే వ్యాధి తిరగబెట్టడం వల్ల ఆ చికిత్స నిలబడలేదు. అయినా మెదడులోకి వెళ్ళే, రెండు సంకేతాలను అడ్డుకునే ఇటువంటి మందుకు ఒత్తిడి హార్మోను గొలుసు మీద పట్టు ఉండగలదని అది చూపింది. దాన్ని నెలల తరబడి టానిక్కులా వాడడం నాకు సమ్మతం కాదు.

మానసిక వైద్యంలో వాడే మిర్టజపిన్‌ది కూడా ఇదే కోవ. హెచ్1 గ్రాహకాన్ని బలంగా అడ్డుకునే ఆ మందు ఆరోగ్యవంతుల్లో సైతం కార్టిసాల్‌ను తగ్గిస్తుంది, సెరటోనిన్ గ్రాహకాలను కూడా అడ్డుకోవడం అందులో భాగం. ఆందోళనకు, దురదకు రెండింటికీ రాసే హైడ్రాక్సిజిన్ మనసును నెమ్మదింపజేస్తుంది గాని దాన్ని కార్టిసాల్ మందుగా భావించకూడదు. గుండె లయ మీద ప్రభావం ఉండడం వల్ల ఇతర మందులతో కలిపేటప్పుడు జాగ్రత్త కావాలి. ఆ హైడ్రాక్సిజిన్ శరీరంలో విరిగి మారే పదార్థమే సెటిరిజిన్ అన్నది ఆసక్తికరమైన సంగతి. ఒకే మూలం నుంచి వచ్చినా ఒకటి మెదడులోకి చొరబడుతుంది, రెండోది చాలావరకు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

కడుపు మంట కోసం వాడే హెచ్2 నిరోధకాల గురించి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. జేమ్స్ బ్లాక్ కృషితో 1976లో మార్కెట్లోకి వచ్చిన సిమెటిడిన్ సిరలోకి ఒక్కసారిగా ఇస్తే పాలు పడేలా చేసే హార్మోను ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది, ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే మగవారిలో రొమ్ములు పెరగవచ్చు, కాలేయంలో ఇతర మందుల విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటుంది. రానిటిడిన్‌ను కాన్సర్ కలిగించవచ్చని భావించే ఎన్.డి.ఎం.ఎ. అనే కలుషితం కారణంగా అమెరికాలో 2020లో ఉపసంహరించారు. భారత అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తొలగించారు. ఫామోటిడిన్‌కు ఈ చిక్కులు తక్కువ, దద్దుర్లకు హెచ్1 మాత్రతో పాటు హెచ్2 మాత్రను చేర్చేటప్పుడు దాన్నే ఎంచుకోవడం నయం.

అసలు మార్పు తెచ్చేది

ఇప్పుడు మొదట చెప్పిన సూదికి వద్దాం. డెక్సామెథసోన్ 2 మిల్లీలీటర్ల సీసాలో 8 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కార్టిసాల్ అతిగా ఉందేమో తేల్చడానికి వైద్యులు చేసే పరీక్షలో ఇదే మందును రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము మాత్రమే ఇస్తారు. ఆరోగ్యవంతుడి శరీరంలో మర్నాటి ఉదయపు కార్టిసాల్ ఆ ఒక్క మిల్లీగ్రాముకే డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపుకు పడిపోవాలి. అంటే గ్రంథి మూగబోతుందో లేదో చూడడానికి వాడే మోతాదుకు ఎనిమిది రెట్లు ఒక సాధారణ దద్దుర్ల సూదిలో వెళుతోంది. ప్రెడ్నిసోలోన్ అనే మరో స్టెరాయిడ్ లెక్కలో అది 50 మిల్లీగ్రాములకు పైమాటే. శరీరం రోజంతా తయారుచేసుకునే కార్టిసాల్‌కు పదింతలకు మించినది. ఇటువంటి సూది ఏడాదికి ఒకసారి, నిజంగా అవసరమైనప్పుడు పడితే గ్రంథి రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. వారానికోసారి, పది రోజులకోసారి పడుతూ ఉంటే తేరుకునే సందు దొరకదు.

ట్రయామ్‌సినలోన్ వంటి నెమ్మదిగా కరిగే సూదులు ఇంకా లోతైనవి: ఒక్కసారి కండలోకి వేస్తే కొన్ని వారాల పాటు కార్టిసాల్ తగ్గే ఉండవచ్చు. వయ్యారిభామ పూసే కాలంలో ముక్కు, చర్మం రెండూ రేగి ప్రతి ఏటా "ఒక్క సూదితో సీజను గడిచిపోతుంది" అనేవారికి ఈ సంగతి తెలియాలి. నోటి ద్వారా వాడే స్టెరాయిడ్ మాత్రలైతే, మూడు నాలుగు వారాలకు మించిన తర్వాత హఠాత్తుగా మానకూడదు; నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం, రక్తపోటు పడిపోవడం వంటి లక్షణాలతో ప్రాణం మీదికి రావచ్చు. స్టెరాయిడ్ వల్ల ముఖం నిండుగా, చెంపలు ఎత్తుగా కావడాన్ని "ఒళ్ళు వచ్చింది, మందు పడింది" అని మెచ్చుకోవడం మన ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. డెక్సామెథసోన్‌ను, ఆకలి పెంచే సైప్రోహెప్టడిన్‌ను పేరులేని పొట్లాల్లో కలిపి లావు కావడానికని ఇచ్చే అలవాటు కూడా ఉంది. చీటీ మీద పేరు రాయకుండా ఇచ్చే మాత్రలను, అవి ఎంత బాగా పనిచేసినా, వేసుకోకపోవడమే క్షేమం. బాగా పనిచేస్తే ఇంకా ఎక్కువగా అనుమానించాలి.

స్టెరాయిడ్లన్నింటినీ ఒకే గాటన కట్టి భయపడడం కూడా తప్పే, ఆ భయంతోనే చాలామంది అత్యంత మేలైన ముక్కు స్ప్రేను మానేసి మత్తు మాత్రలతో నెట్టుకొస్తున్నారు. ముక్కు దిబ్బడకు మాత్ర కంటే స్ప్రే బాగా పనిచేస్తుంది. మొమెటసోన్, ఫ్లూటికసోన్ స్ప్రేల్లో రక్తంలోకి చేరే భాగం 2 శాతం లోపే, అందువల్ల మామూలు మోతాదులో కార్టిసాల్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు. బీటామెథసోన్ ముక్కు చుక్కలకు ఈ భరోసా లేదు. హెచ్.ఐ.వి. చికిత్సలో రిటోనవిర్ వాడుతున్నవారు ఫ్లూటికసోన్ స్ప్రే తీసుకుంటే మాత్రం దాని విచ్ఛిన్నం ఆగిపోయి, కుషింగ్స్ లక్షణాలు, అడ్రినల్ లోపం రెండూ రావచ్చు. వారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి వేరే స్ప్రే రాయించుకోవాలి. చర్మానికి రాసే క్లోబెటాసోల్ మలాము ఎంత శక్తిమంతమైనదంటే రోజుకు 2 గ్రాముల వాడకంతోనే కార్టిసాల్ గొలుసు అణగిన సందర్భాలున్నాయి, వారానికి 50 గ్రాములు దాటకూడదన్నది దాని గరిష్ఠ పరిమితి. తామరకు, గజ్జికి, ఎండ నల్లదనానికి అదే ట్యూబును ఇంటిల్లపాదీ పంచుకోవడం చూసినప్పుడు, సెటిరిజిన్ మాత్ర గురించి అడిగే ప్రశ్న గుర్తొచ్చి నవ్వు వస్తుంది.

శ్వాస ఆడకపోవడం, నాలుక, గొంతు వాచిపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం వంటి తీవ్రమైన అలర్జీలో పోలిక పూర్తిగా వేరు. అక్కడ మొదటి మందు తొడ కండలోకి వేసే అడ్రినలిన్. ఏవిల్ గాని, డెక్సోనా గాని దానికి బదులు కావు. శరీరం తనంతట తాను చేయజూసే పనిని, అంటే హిస్టమిన్‌కు విరుగుడుగా అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోనును రంగంలోకి దించడాన్ని, అక్కడ మనం సూదితో చేస్తున్నాం. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది, అంత వ్యవధి ఆ రోగికి ఉండదు.

జలుబు మాత్రల్లో కలిసి ఉండే మరో మందును కూడా చెప్పుకోవాలి. క్లోర్‌ఫెనిరమిన్‌తో పాటు ఉండే ఫినైలెఫ్రిన్ నోరడ్రినలిన్‌ను పోలిన పని చేస్తుంది. గుండె దడ, రక్తపోటు పెరగడం, చేతులు వణకడం కనిపిస్తే "మందు ఒత్తిడి పెంచింది" అనిపించేది దీనివల్లనే, హిస్టమిన్ నిరోధకం వల్ల కాదు. ఈ జంటను నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదని భారత ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. రక్తపోటు ఉన్నవారు జలుబుకు ఈ కలయిక మాత్ర కాకుండా ఒంటరి సెటిరిజిన్‌ను అడిగి తీసుకోవడం నయం.

పరీక్షకు వెళ్ళే ముందు

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో ఈమధ్య కార్టిసాల్ కూడా చేరుతోంది. ఉదయం 8 గంటల ప్రాంతంలో అది అత్యధికంగా, అర్ధరాత్రికి అత్యల్పంగా ఉంటుంది కనుక మధ్యాహ్నం ఇచ్చిన రక్తంతో వచ్చిన అంకెను ఉదయపు కొలమానంతో పోల్చకూడదు. కొత్త తరం అలర్జీ మాత్రలను ఈ పరీక్ష కోసం సాధారణంగా మానవలసిన పనిలేదు. గత కొన్ని నెలల్లో తీసుకున్న స్టెరాయిడ్ సూదులు, మాత్రలు, మలాములు, స్ప్రేలు, కంటి చుక్కలు మాత్రం ఒక్కటీ దాచకుండా చెప్పాలి. ప్రెడ్నిసోలోన్‌ను చాలా పరీక్షా పద్ధతులు కార్టిసాల్‌గానే లెక్కించి దొంగ అంకె చూపుతాయి, డెక్సామెథసోన్ అలా లెక్కలోకి రాకుండా గ్రంథిని మాత్రం అణచివేస్తుంది. సైప్రోహెప్టడిన్, మిర్టజపిన్ వాడుతున్నా చెప్పవలసిందే. ఫియోక్రోమోసైటోమా కోసం మెటానెఫ్రిన్ పరీక్షకు ముందు జలుబు మాత్రలను డాక్టరును అడిగి ఆపాలి. చర్మం మీద చేసే అలర్జీ పరీక్షకైతే లెక్క తిరగబడుతుంది: అక్కడ ఐదు నుంచి ఏడు రోజుల ముందే హిస్టమిన్ నిరోధక మాత్రలను ఆపకపోతే అలర్జీ ఉన్నా చర్మం లేవదు.

సెటిరిజిన్, లీవోసెటిరిజిన్‌లను నెలలు, ఏళ్ళ తరబడి రోజూ వాడి ఒక్కసారిగా మానినవారిలో అరుదుగా తీవ్రమైన దురద వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో హెచ్చరించింది. ఇది మానిన కొద్ది రోజుల్లోనే, అంతకుముందు దురద జబ్బు లేనివారికి సైతం రావచ్చు. కార్టిసాల్ లోపంతోనో మనసు ఒత్తిడితోనో దీనికి సంబంధం అంటగట్టి కొత్త మందులు మొదలుపెట్టనవసరం లేదు. అటువంటివారిలో మళ్ళీ మాత్ర మొదలుపెట్టగానే చాలామందికి దురద తగ్గింది, ఆ తర్వాత మోతాదును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కొందరు మానగలిగారు. అందువల్ల ఏళ్ళ తరబడి వాడినవారు మానదలచుకున్నప్పుడు రోజు విడిచి రోజు, ఆపై మూడు రోజులకొకటి అన్నట్టు వ్యవధి పెంచుకుంటూ వెళ్ళే పద్ధతిని తమ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవచ్చు.